9 వారాలకు మిస్‌క్యారేజ్: రెస్ట్ అంటే ఎంత, ఇంట్లో ఏం చూసుకోవాలి?

కేపీహెచ్‌బీ అక్క:

నమస్తే అందరికీ. మా చెల్లికి 9వ వారం స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదన్నారు. డి అండ్ సీ (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) వద్దనుకుని మాత్రలతోనే వెళ్ళింది. మొన్న రాత్రి కడుపులోది మొత్తం పడిపోయింది. నిన్న డాక్టర్ చూసి ఇంటికి పంపారు, రెండు వారాలాగి స్కాన్‌కి రమ్మన్నారు. చీటీలో ఐరన్, నొప్పి మాత్ర, యాంటీబయాటిక్ ఉన్నాయి. రెస్ట్ గురించి "తీసుకోండి" అన్న ఒక్క మాటే చెప్పారు.

వివరాలు: రోజుకు ఐదారు ప్యాడ్లు అవుతున్నాయి. ముందు చేసిన టెస్టులో హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 9.4. తనది బీ నెగటివ్, మా మరిదిది ఓ పాజిటివ్. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లీవ్ అడిగితే "వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకోమ్మా" అంటున్నాడు మేనేజర్. మా అమ్మేమో 21 రోజులు మంచం దిగొద్దు, నీళ్ళు తక్కువ తాగాలి, పెరుగు ముట్టొద్దు అని పథ్యం మొదలుపెట్టింది. ఇందులో ఏది పాటించాలి, ఏది వదిలేయాలి? ఎప్పుడు భయపడాలి?

లేబర్ రూమ్ సిస్టర్:

రెస్ట్ సంగతి తర్వాత. ముందు డిశ్చార్జ్ కాగితం తీసి, యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. ఆవిడ నెగటివ్, భర్త పాజిటివ్. కడుపులోని పిండానిది పాజిటివ్ అయ్యుంటే, ఆ రక్తకణాలు కాసిన్ని తల్లి రక్తంలో కలిసినా వాటి మీద యాంటీబాడీలు తయారవుతాయి. ఇప్పుడు ఆవిడకు దానివల్ల ఏమీ కాదు. వచ్చే కాన్పులో అవే యాంటీబాడీలు మావి దాటి వెళ్ళి బిడ్డ రక్తకణాలను నాశనం చేస్తాయి. అందుకే 72 గంటల్లోపు ఇంజెక్షన్ పడాలంటారు. మొన్న రాత్రి అంటున్నారు కాబట్టి ఇంకా టైముంది, రేపు ఎల్లుండి అనుకునేంత మాత్రం లేదు. 12 వారాల లోపు అక్కర్లేదని ఈమధ్య కొన్ని విదేశీ గైడ్‌లైన్లు చెబుతున్నాయి. మన దగ్గర గైనకాలజిస్టులు ఎక్కువమంది ఇస్తూనే ఉన్నారు. డాక్టర్ ఆలోచించి వద్దంటే అది వేరు, ఎవరికీ గుర్తులేక తప్పిపోతే వేరు. ఫోన్ చేసి అడగండి.

ఇంజెక్షన్‌కి ముందు, ఆ యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయేమో చూసే ఐసీటీ అనే రక్తపరీక్ష చేస్తారు. అది నెగటివ్ ఉంటేనే ఇస్తారు. జబ్బకు వేయమనండి, పిరుదుకు వేస్తే కొవ్వులో ఉండిపోయి ఒంటికి సరిగ్గా పట్టదు. బయట మెడికల్ షాపులో కొనమంటే ఐస్ ప్యాక్‌తో ఇప్పించుకోండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు, స్కూటీ డిక్కీలో పెట్టుకుని ఎండలో తిరిగితే పాడైపోతుంది. 72 గంటలు దాటినా సరే వెళ్ళండి. పది రోజుల వరకు కొంత పనిచేస్తుంది.

ఇక బ్లీడింగ్. రోజుకు ఐదారు ప్యాడ్లు అంటే నాకేమీ అర్థం కాదు. పూర్తిగా తడిసి మారుస్తున్నారా, ఒకింత మరకకే మారుస్తున్నారా? ఒకే సైజు ప్యాడ్ వాడి, మార్చిన టైము ఫోన్‌లో రాసుకోండి. పక్కనే "నిండు", "సగం", "మరక" అని ఒక మాట. డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు ఆ నాలుగు లైన్లు చదివితే చాలు. మొదటి మూడు నాలుగు రోజులు నెలసరి కంటే ఎక్కువే అవుతుంది, తర్వాత తగ్గుతూ మరకలుగా రెండు వారాల వరకు కనిపించవచ్చు. మధ్యలో ఒకరోజు ఆగి మళ్ళీ వచ్చినా కంగారు పడక్కర్లేదు.

గంటకు రెండు ప్యాడ్లు నిండుగా తడుస్తూ వరుసగా రెండు గంటలు అలాగే ఉంటే ఇక ఇంట్లో ఉండకూడదు. నిమ్మకాయంత గడ్డలు మళ్ళీ మళ్ళీ పడటం, నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం, కూర్చుని ఉన్నా గుండె దడదడలాడటం, మాత్ర వేసినా తగ్గని పొత్తికడుపు నొప్పి, ఇవి కూడా అంతే. 108కి చేయండి. ఆవిడది బీ నెగటివ్ కాబట్టి ఇంకో జాగ్రత్త: రాత్రిపూట డ్యూటీ గైనిక్ డాక్టరూ, బ్లడ్ బ్యాంకూ రెండూ ఉన్న ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. నెగటివ్ రక్తం అడిగిన వెంటనే దొరకదు. సర్కారు వైపు అయితే గాంధీ, పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లో రాత్రింబవళ్ళు చూస్తారు.

జ్వరం గురించి. మాత్రలు (మిసోప్రోస్టాల్) వేసిన రోజు చలి, వణుకు, జ్వరం, విరేచనాలు రావడం ఆ మందు గుణమే. ఒక రోజు దాటాక 100.4 ఫారెన్‌హీట్ ఉంటే ఇన్ఫెక్షన్ అనుకునే వెళ్ళాలి. చేత్తో నుదురు ముట్టుకుని చూడటం లెక్కలోకి రాదు, థర్మామీటర్ పెట్టండి. రక్తానికి ఇనుము వాసన మామూలే, కుళ్ళు వాసన వస్తే మాత్రం కాదు. యాంటీబయాటిక్ ఇచ్చారుగా అని ఆగకండి, లోపల ముక్క మిగిలిపోయి ఉంటే మాత్రలతో ఆ ఇన్ఫెక్షన్ తగ్గదు.

మల్కాజిగిరి పెద్దమ్మ:

సిస్టర్ చెప్పినయన్నీ మంచిగనే ఉన్నయి గానీ, మా దిక్కు కడుపు పోయినా కాన్పు లెక్కనే చూస్తరు. 21 దినాలు ఇల్లు దాటనియ్యరు, చల్లనీళ్ళు ముట్టనియ్యరు. చెవులల్ల దూది, నడుముకు చీర గట్టిగ కట్టుడు. ఒళ్ళు పచ్చిగ ఉంటది, ఇప్పుడు జాగ్రత్త పడకుంటే నడుము నొప్పి ముసల్తనం దాకా పోదు. ఈ కాలం పోరగాండ్లు మూడో దినమే లాప్‌టాప్ ముంగట కూసుంటరు.

లేబర్ రూమ్ సిస్టర్:

పెద్దమ్మా, మీరన్న దాంట్లో చాలావాటికి నేను అడ్డుచెప్పను. దూది పెట్టుకుంటే నష్టం లేదు, ఒకరు వండిపెట్టి పని చేయనివ్వకపోతే అంతకంటే మేలు లేదు. లాప్‌టాప్ మాటలో మీతోనే ఉన్నాను. రెండు విషయాల్లోనే నా పేచీ.

ఒకటి నీళ్ళు. రక్తం పోతున్న మనిషికి నీళ్ళు తగ్గిస్తే బీపీ పడిపోతుంది, పైగా ఐరన్ మాత్రతో మలబద్ధకం. హైదరాబాద్ ఎండల్లో రెండున్నర లీటర్లు తాగాల్సిందే. గోరువెచ్చగా తాగితే సరిపోతుంది, పెద్దవాళ్ళ మాటా పోదు.

రెండోది మంచం. గర్భం వచ్చినప్పటి నుంచీ రక్తం గడ్డకట్టే గుణం పెరిగి ఉంటుంది, పోయిన వెంటనే తగ్గదు. దానికితోడు నీళ్ళు తాగకుండా రోజంతా కదలకుండా పడుకుంటే పిక్కల్లో గడ్డ కట్టే ప్రమాదం. ఒక కాలి పిక్క ఒక్కటే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది నడుము నొప్పి కాదు, పరిగెత్తాల్సిన పని. చాలామందిని భయపెట్టేది ఇంకోటుంది. గంటల తరబడి పడుకుంటే రక్తం యోనిలో నిలిచి, లేవగానే ఒక్కసారిగా బొళుక్కున వస్తుంది, ఒక గడ్డతో సహా. "లేచినందుకే బ్లీడింగ్ ఎక్కువైంది" అని మళ్ళీ పడుకోబెడతారు. మళ్ళీ లేస్తే మళ్ళీ అదే. లేచాక వచ్చే గంటలో ప్యాడ్ ఎలా ఉందో చూడండి, మామూలుగా ఉంటే అది నిలిచిన రక్తమే.

కాబట్టి మొదటి రెండు మూడు రోజులు నిద్ర, తిండి, స్నానం, ఇంట్లోనే కాస్త నడక. తర్వాత ఒళ్ళు ఎంత ఒప్పుకుంటే అంత. మెట్లు ఎక్కడం వల్ల గర్భసంచికి ఏమీ కాదు, మూడంతస్తులూ ఎక్కొచ్చు. హెచ్‌బీ 9.4 ఉన్న మనిషికి ఆయాసం వస్తుంది కాబట్టి అంతస్తుకోసారి నిలబడాలి, పక్కన ఒకరుండాలి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్, గ్యాస్ బండ, తడిబట్టల బకెట్ ఓ వారం పదిరోజులు వేరేవాళ్ళు చూసుకోవాలి.

నడుముకు చీర వదులుగా కట్టుకుంటే హాయిగా ఉంటుందేమోగానీ గట్టిగా బిగించొద్దు. 9 వారాల గర్భసంచి ఇంకా పొత్తికడుపు ఎముక వెనకాలే ఉంటుంది, కట్టు దానికి తగలదు కూడా.

స్నానాల గదిలోనే చాలామంది పడిపోతారు. వేన్నీళ్ళకు రక్తనాళాలు వెడల్పవుతాయి, అసలే రక్తం తక్కువ, కళ్ళు తిరుగుతాయి. ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చుని గోరువెచ్చని నీళ్ళతో చేయాలి. మొదటి వారం గడియ పెట్టొద్దు. తలస్నానం ఎప్పుడైనా చేయొచ్చు. కింద కడుక్కోవడానికి ఉత్త నీళ్ళు చాలు, ముందు నుంచి వెనక్కి. డెటాల్ కలిపిన నీళ్ళు, లోపలికి కడగడం వద్దే వద్దు. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, తడవకపోయినా సరే. టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్, ఈత, భార్యాభర్తల కలయిక బ్లీడింగ్ పూర్తిగా ఆగేదాకా ఆపండి. గర్భసంచి ముఖం ఇంకా కాస్త తెరుచుకుని ఉంటుంది.

నొప్పికి ఏం రాశారు? ఐబూప్రొఫెన్ 400 అయితే తిన్నాక, రోజుకు మూడుకు మించకుండా. అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉంటే అది వద్దు, పారాసిటమాల్ వేసుకోవాలి. ఐబూప్రొఫెన్ వాడుతూ ఇంట్లో ఉన్న మెఫ్తాల్ స్పాస్ కూడా వేయకండి. పేర్లు వేరు, రెండూ ఒకే జాతి మందులు, కడుపులో పుండు పడుతుంది. ఆస్పిరిన్ వద్దు, రక్తం పల్చబడుతుంది. వేన్నీళ్ళ బ్యాగు బట్ట చుట్టి ఇరవై నిమిషాలు పెట్టుకుంటే సగం నొప్పి అక్కడే తగ్గుతుంది.

డైటీషియన్, తార్నాక:

పథ్యం గురించి నేను చెప్తా. పెరుగు ఆపాల్సిన పనే లేదు. బొప్పాయి, నువ్వులు పెడితే "లోపల మిగిలింది కడిగేస్తుంది" అనేది కూడా నమ్మకండి. నువ్వులుండ తింటే తినండి, అది తిండి. లోపల ముక్క మిగిలితే స్కాన్, మందు, అవసరమైతే ప్రొసీజర్, అంతే. గర్భసంచి శుభ్రం చేస్తాయని అమ్మే కషాయాల జోలికి వెళ్ళకండి.

అసలు సమస్య 9.4. అదీ రక్తం పోకముందు నంబరు. ఇప్పుడు ఇంకా తగ్గి ఉంటుంది. రక్తం పోయిన కొద్ది గంటల్లోనే సీబీపీ (హెచ్‌బీ, రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయిస్తే పాత నంబరే చూపిస్తుంది, ఒకటి రెండు రోజులు గడిచాక అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి రేపో ఎల్లుండో మళ్ళీ చేయించండి. దగ్గర్లో బస్తీ దవాఖాన ఉంటే అక్కడ రక్తం ఇవ్వొచ్చు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేస్తారు. 7 కంటే తక్కువ వస్తే తిండి, మాత్రలు అని కూర్చోకుండా ఆసుపత్రికి.

బీట్‌రూట్ ఎర్రగా ఉందని రక్తం పట్టదు. పాయా సూప్ వేడిగా బాగుంటుంది, నోటికి హితవుగా ఉంటే తాగనివ్వండి, ఐరన్ లెక్కలో మాత్రం పెద్దగా రాదు. మాంసం తినేవాళ్ళయితే మటన్, కార్జం వారానికి రెండుసార్లు. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. (కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ, మళ్ళీ గర్భం కోసం చూసే నెల నుంచి ఆపేయాలి.) తిననివాళ్ళకు తోటకూర పప్పు, ఉలవచారు, సజ్జరొట్టె, శనగలు, పైన నిమ్మకాయ తప్పకుండా పిండి. ఆ పులుపు లేకపోతే ఆకుకూరలోని ఇనుము చాలావరకు వృథా. గుడ్డు రోజుకొకటి.

ఎంత తిన్నా ఈ నంబరుకి తిండి ఒక్కటే సరిపోదు, మాత్ర ఆపకూడదు. సర్కారు ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత ఉన్నవాళ్ళకు సాధారణంగా రోజుకు రెండు ఇస్తారు. మీ చీటీలో ఏది రాస్తే అది. చాయ్ విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. మాత్రకు ముందూ వెనకా కనీసం గంట, రెండు గంటలైతే మరీ మంచిది, చాయ్, కాఫీ, పాలు ఉండకూడదు. మన ఇళ్ళల్లో పొద్దున్నే చాయ్, వెంటనే మాత్ర, అందుకే మూడు నెలలు మింగినా హెచ్‌బీ కదలదు. కాల్షియం మాత్ర కూడా ఉంటే ఇది పొద్దున, అది రాత్రి. విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే. కడుపులో తిప్పితే తిన్న తర్వాత వేసుకోమనండి, అయినా పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు ఆపేయొద్దు. సరిగ్గా పడితే నెలకు ఒక గ్రాము అటూ ఇటూ పెరుగుతుంది. 12 దాటగానే డబ్బా పక్కన పెట్టేస్తారు చాలామంది. నిల్వలు నిండాలంటే ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వాడాలి.

హెచ్‌ఆర్, మాదాపూర్:

లీవ్ సంగతి. వర్క్ ఫ్రమ్ హోమ్ సెలవు కాదు, మేనేజర్ ఇచ్చే దయా కాదు. 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మిస్‌క్యారేజ్ అయిన మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో కూడిన సెలవు ఉండేది. దాని బదులు 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ ఆరు వారాలు అలాగే ఉన్నాయి. ఆ ఆరు వారాల్లో యజమాని ఆమెతో పని చేయించకూడదని కూడా చట్టంలోనే ఉంది. అనారోగ్యం కొనసాగితే డాక్టర్ కాగితం మీద ఇంకో నెల వరకు అడగొచ్చు. సిక్ లీవ్‌లో నుంచి, ఎర్న్‌డ్ లీవ్‌లో నుంచి కోయడానికి లేదు.

కావాల్సింది ఒకటే కాగితం. డిశ్చార్జ్ సమ్మరీలో గానీ సర్టిఫికెట్‌లో గానీ "మిస్‌క్యారేజ్" అన్న మాట, తేదీ స్పష్టంగా ఉండాలి. "కడుపు నొప్పికి విశ్రాంతి అవసరం" అని రాసిస్తే హెచ్‌ఆర్ దాన్ని సిక్ లీవ్‌గా వేసేస్తుంది. మెయిల్ నేరుగా హెచ్‌ఆర్‌కి పెట్టండి, మేనేజర్‌కి కారణం చెప్పక్కర్లేదు, "మెడికల్ లీవ్, హెచ్‌ఆర్‌కి పత్రాలు ఇచ్చాను" అంటే చాలు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్ళకు కూడా ఆరు వారాలే, డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు లెక్క వేరు, మొత్తం సర్వీసులో కలిపి 45 రోజులు.

పదో రోజుకే ఒళ్ళు బాగుండి పని చేయాలనిపించినా ముందే సెలవు రద్దు చేసుకోకండి. హెచ్‌బీ తక్కువున్నవాళ్ళు బాగున్నట్టు అనిపించి మళ్ళీ నీరసపడొచ్చు.

కేపీహెచ్‌బీ అక్క:

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్, కాగితంలో యాంటీ-డి లేదు! ఫోన్ చేస్తే ఇప్పుడే రమ్మన్నారు, బయల్దేరుతున్నాం. ఇంకో రెండు ప్రశ్నలు: ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకుంటే అంతా అయిపోయిందో లేదో తెలుస్తుందా? నెలసరి ఎప్పుడొస్తుంది, మళ్ళీ ఎప్పుడు ప్లాన్ చేసుకోవచ్చు?

లేబర్ రూమ్ సిస్టర్:

వెంటనే కదిలారు, మంచి పని. ఇంజెక్షన్ వేశాక తేదీ, డోసు, బ్యాచ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. దాని తర్వాత కొన్ని వారాలు ఐసీటీ పాజిటివ్ చూపించవచ్చు, ఆలోపు మళ్ళీ గర్భం వస్తే కొత్త డాక్టర్ కంగారుపడకుండా ఆ కాగితమే పనికొస్తుంది.

కిట్‌తో ఇప్పుడు చూడకండి. హార్మోన్ రక్తంలో నెమ్మదిగా తగ్గుతుంది, రెండు గీతలు వస్తూనే ఉంటాయి, ఇల్లంతా ఏడుపు. మూడు వారాలకు చూడండి. అప్పటికీ రెండు గీతలుంటే బీటా హెచ్‌సీజీ (ఆ హార్మోన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చేసి, మళ్ళీ కొద్ది రోజులకు చేసి తగ్గుతోందో లేదో చూస్తారు. ముక్క మిగలడం ఒక కారణం, ముత్యాల గర్భం (మావి నీటి బుడగల గుత్తిలా పెరగడం) అరుదైన కారణం. అందుకే పడిన దాన్ని బయాప్సీకి పంపి ఉంటే ఆ రిపోర్టు తప్పక తెచ్చుకోండి. చాలామంది ల్యాబ్‌లోనే వదిలేస్తారు.

నెలసరి నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది, మొదటిది కాస్త ఎక్కువగానో, అటూఇటుగానో ఉంటుంది. ఎనిమిది వారాలైనా రాకపోతే ముందు కిట్, తర్వాత డాక్టర్. ఎందుకంటే అండం రెండు వారాలకే విడుదల కావచ్చు, నెలసరి రాకుండానే మళ్ళీ గర్భం వచ్చేస్తుంది. వద్దనుకుంటే మొదటి కలయిక నుంచే కండోమ్. డి అండ్ సీ చేయించుకుని ఇది చదువుతున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: నెలసరి రాకపోయినా, వచ్చి రెండు చుక్కలతో ఆగిపోయి నెలనెలా కడుపునొప్పి ఉన్నా లోపలి పొరలు అతుక్కున్నాయేమో చూపించుకోవాలి.

మళ్ళీ ప్లాన్ గురించి: ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ముందే గర్భం వచ్చినవాళ్ళకు నష్టం కనిపించలేదు. ఇప్పుడు ఒక నెలసరి చూసి సరే అనే డాక్టర్లే ఎక్కువ. మీ చెల్లి విషయంలో క్యాలెండర్ కంటే హెచ్‌బీ ముఖ్యం, 11 దాటాక చూసుకోమంటాను. ఫోలిక్ యాసిడ్ ఆపొద్దు. ఒక్కసారి పోయినందుకు పెద్ద టెస్టులేవీ అక్కర్లేదు, థైరాయిడ్, షుగర్ చాలు. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే. మెట్లెక్కినందుకు, స్కూటీ నడిపినందుకు, బొప్పాయి ముక్క తిన్నందుకు పోవు. మీ అమ్మగారికి కూడా ఈ ముక్క చదివి వినిపించండి. నిద్ర పట్టక, తిండి సహించక వారాలు గడిచిపోతుంటే 14416 టెలీ మానస్‌కి చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నాగోల్ వదిన:

ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? మా ఆడపడుచుకు 18వ వారంలో పోయింది. నాలుగో రోజు నుంచి పాలొస్తున్నాయి, రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి. పిండేయమంటున్నారు అందరూ.

లేబర్ రూమ్ సిస్టర్:

పిండొద్దమ్మా. ఎంత తీస్తే అంత తయారవుతుంది. పొద్దున్నా రాత్రీ సరిపోయే గట్టి బ్రా, బట్టలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాల చొప్పున, నొప్పికి పారాసిటమాల్. మరీ పగిలిపోతున్నట్టుంటే బాధ తగ్గేంత, నాలుగు చుక్కలు చేత్తో వదలనివ్వండి, ఖాళీ చేయొద్దు. వారం పదిరోజుల్లో ఆగిపోతాయి. ఆపడానికి కేబర్‌గోలిన్ అనే మాత్ర ఉంది, మొదటి రోజే వేస్తే బాగా పనిచేస్తుంది, బీపీ ఉన్నవాళ్ళకు ఇవ్వరు, కాబట్టి షాపులో అడిగి వేయకండి. ఒక పక్క ఎర్రగా వేడిగా అయి జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి.

కేపీహెచ్‌బీ అక్క:

ఇంజెక్షన్ పడింది, సీబీపీకి రక్తం కూడా ఇచ్చేశాం. రెండు వారాల స్కాన్‌లో "పొర మందంగా ఉంది" అంటే వెంటనే డి అండ్ సీ ఒప్పుకోవాలా?

లేబర్ రూమ్ సిస్టర్:

మందం ఒక్కటే చూసి ఒప్పుకోనక్కర్లేదు. బ్లీడింగ్ తగ్గుతూ, జ్వరం, వాసన, నొప్పి లేకపోతే కాస్త మందం ఉన్నా చాలావరకు మొదటి నెలసరితో పోతుంది. డాక్టర్‌ని మూడు అడగండి: ముక్కలు కనిపిస్తున్నాయా, ఉత్త గడ్డ రక్తమేనా? దానికి రక్తప్రసరణ ఉందా? ఇంకో వారం ఆగితే ప్రమాదమేమైనా ఉందా? ప్యాడ్ల లెక్క, కొత్త సీబీపీ, యాంటీ-డి కాగితం పట్టుకెళ్ళండి. ప్రొసీజర్ తప్పదంటే వ్యాక్యూమ్‌తో చేస్తారా అని కూడా అడగండి, గీకడం కంటే లోపలి పొరకు దెబ్బ తక్కువ. మత్తు ఇస్తే ఆ రోజంతా తను బండి నడపకూడదు, కాబట్టి మీ మరిదిని వెంట తీసుకెళ్ళండి.